పొద్దు గూకాక మొదలయ్యే పని

సూర్యబింబం అంచు కనుమరుగు కాగానే గట్టు మీద జనం లేచి బట్టలకంటిన దుమ్ము దులుపుకుంటారు. మెడలో కెమెరా ఉన్నవాళ్లలోనూ చాలామంది “ఇక వెలుగేదీ” అంటూ సంచి సర్దేస్తారు. నీళ్లలో ప్రతిబింబాలు తీయాలనుకునేవాళ్లకు అసలు పని అప్పుడే మొదలవుతుంది.

పొద్దున్నంతసేపూ ఆకాశానికీ నేలకూ వెలుగులో పొంతన ఉండదు. ఆకాశాన్ని చూసి ఎక్స్‌పోజర్ పెడితే గట్టు నల్లబడుతుంది. గట్టును చూసి పెడితే ఆకాశం వెలవెలబోతుంది. పొద్దు గూకాక ఆకాశం వెలుగు నిమిషనిమిషానికీ దిగుతూ వస్తుంది. వీధిదీపాలు, కిటికీలు, వంతెన లైట్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఒక దశలో రెండూ సమానంగా తూగుతాయి. ముదురు నీలం ఆకాశం, పసుపు దీపాలు, వాటి కింద నీళ్లలో అవే మరోసారి, అన్నీ ఒకే క్లిక్‌లో ఇమిడేది ఆ కాసేపే.

ఆ కాసేపట్లో ఆలోచిస్తూ కూర్చుంటే ఫోటో దక్కదు. ఎక్కడ నిలబడాలి, ఎటు తిరగాలి, ఎంత కిందికి వంగాలి అన్నవి వెలుగుండగానే తేల్చుకోవాలి. మసక చీకట్లో చేతులకు మాత్రమే పని ఉండాలి. ఈ అధ్యాయమంతా ఆ ముందస్తు నిర్ణయాల గురించే.

మన దగ్గర సంధ్య ఎంతసేపు

సూర్యాస్తమయం నుంచి సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీల కిందికి దిగేవరకు ఉండే వెలుగును సివిల్ ట్విలైట్ అంటారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇది ఏడాది పొడవునా ఇంచుమించు 21 నుంచి 24 నిమిషాలు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. లండన్‌లో ఉన్నవాళ్లకు అదే సంధ్య మార్చిలో అరగంట దాటుతుంది, జూన్‌లో ముప్పావు గంట ఉంటుంది. అక్కడివాళ్లు రాసిన పుస్తకాలు, చేసిన వీడియోలు చూసి “ఇంకా బోలెడు సమయముంది” అనుకుంటే హుస్సేన్‌సాగర్ గట్టు మీద మోసపోతాం.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. మబ్బులేని సాయంత్రం సూర్యుడు అస్తమించే క్షణంలో నేల మీద వెలుగు సుమారు 400 లక్స్ ఉంటుంది. సివిల్ ట్విలైట్ ముగిసేసరికి 3 లక్స్ పైచిలుకు మిగులుతుంది. అంటే ఇరవై నిమిషాల చిల్లరలో వెలుగు దాదాపు ఏడుసార్లు సగానికి సగం పడిపోతుంది. సగటున మూడు నిమిషాలకొకసారి సగం. కెమెరా భాషలో మూడు నిమిషాలకో స్టాప్. ఇందాక సరిపోయిన షట్టర్ సమయం మూడు నిమిషాలు గడిచేసరికి రెట్టింపు కావాలి. ఈ ఒక్క సూత్రం ఒంటబట్టితే మీటర్ వైపు చూడకుండానే సెట్టింగు మార్చగలుగుతారు.

ఆ వేళ ఆకాశానికి వచ్చే గాఢమైన నీలం పగటి నీలం కాదు. పగలు నీలాన్ని గాలి అణువులు వెదజల్లుతాయి. సంధ్యవేళ సూర్యకాంతి వాతావరణంలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణించి వస్తుంది. దారిలో ఓజోన్ పొర నారింజ, ఎరుపు ఛాయల్ని కొంత పీల్చేస్తుంది. మిగిలింది నీలం. నడినెత్తిన కనిపించే సంధ్య నీలానికి ప్రధాన కారణం ఓజోనేనని అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్బర్ట్ 1953లో లెక్కగట్టి చూపించాడు. ఫోటో తీసేవాళ్లకు ఇందులో ఉపయోగం ఏమిటంటే, నీలం చిక్కగా ఉండేది పైన. పడమటి క్షితిజం దగ్గర ఇంకా ఎరుపే ఉంటుంది. కెమెరా ఎటు తిప్పారన్న దాన్నిబట్టి నీళ్లలో రంగు మారిపోతుంది.

ఎటు తిరిగి నిలబడాలి

ప్రతి చెరువుకూ రెండు ఫోటోలుంటాయి, పడమటికి తిరిగి తీసేదొకటి, తూర్పుకు తిరిగి తీసేదొకటి. రెండూ ఒకే సాయంత్రం కావాలనుకుంటే ఏదీ సరిగా రాదు. ముందే ఒకటి ఎంచుకోండి.

హుస్సేన్‌సాగర్‌నే తీసుకోండి. ట్యాంక్‌బండ్ చెరువుకు తూర్పు వైపు ఉంది. అక్కడ నిలబడితే పడమటి ఎరుపు మీ ఎదుట ఉంటుంది. 1992 డిసెంబరు 1న చెరువు మధ్య రాతి మీద నిలబెట్టిన బుద్ధ విగ్రహం ఆ ఎరుపులో నల్లటి ఆకారంగా తేలుతుంది. అస్తమించాక మొదటి పది, పన్నెండు నిమిషాలు ఈ ఫోటోవి. అదే నెక్లెస్ రోడ్డు వైపు నుంచైతే మీరు తూర్పు దిక్కు చూస్తారు. ఆకాశం త్వరగా నీలమవుతుంది, అవతలి గట్టు దీపాలు నీళ్లలోకి చారలు చారలుగా దిగుతాయి. ఈ ఫోటోకు పదిహేనో నిమిషం దాటాకే నిండుదనం వస్తుంది.

రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది, కొవ్వూరు పడమటి ఒడ్డున. అందుకే పుష్కర్ ఘాట్ మెట్ల మీద నుంచి చూస్తే సంధ్య మొత్తం నది అవతలే జరుగుతుంది. 1900 నుంచి 1997 వరకు రైళ్లను మోసిన హేవ్‌లాక్ వంతెన స్తంభాలు, ఆర్చి వంతెన విల్లులు రెండూ ఆ వెలుగులో నీడలుగా నిలుస్తాయి. నీరు నిలకడగా ఉన్న రోజున ప్రతి విల్లూ తన ప్రతిబింబంతో కలిసి కోలగా మూసుకుంటుంది. ఆ ఆకారమే ఫోటోకు ప్రాణం కాబట్టి ఫ్రేములో పై సగానికి ఎంత చోటిస్తారో కింది సగానికీ అంతే ఇవ్వాలి.

విజయవాడలో 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ నిండుగా, నెమ్మదిగా ఉంటుంది. దిగువన చాలా కాలం ఇసుక తిన్నెలే. ప్రతిబింబం కావాలంటే ఎగువకే వెళ్లాలి. గేట్లు ఎత్తిన రోజున అక్కడా నీరు కదిలిపోతుంది. ఆ రోజు ప్రతిబింబం జోలికి పోకుండా ప్రవాహాన్ని తీయండి.

విశాఖపట్నం సంగతి వేరు. సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు ఊరి వెనకాల కొండల్లో దిగుతాడు. చాలామంది ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఫోటోకు పనికిరాదని అనుకునేది ఇందుకే. అస్తమించిన కొద్ది నిమిషాలకు సముద్రం మీద ఆకాశపు అడుగున ఒక మసక నీలం పట్టీ లేస్తుంది. దాని పైన గులాబీ రంగు పట్టీ ఉంటుంది. ఆ నీలం పట్టీ భూమి నీడే. అల వెనక్కి మళ్లినప్పుడు తడి ఇసుక కొద్ది సెకన్లపాటు అద్దంలా మెరిసి ఆ గులాబీని పట్టుకుంటుంది. అల వెనుదిరగడం చూసి, ఇసుక మీద నురగ పోయాక క్లిక్ చేయాలి. పావు సెకను నుంచి అర సెకను షట్టర్ చాలు.

ఎంత కిందికి వంగాలి

నీటి ఫోటోల్లో అందరూ లెన్స్ గురించి అడుగుతారు. అడగాల్సింది కెమెరా ఎత్తు గురించి. నీరు ఎంత వెలుగును తిప్పి పంపుతుందన్నది మనం చూసే కోణం మీద ఆధారపడుతుంది. కాళ్ల దగ్గరి నీళ్లను నిటారుగా చూస్తే పైనుంచి పడిన వెలుగులో 2 శాతమే తిరిగొస్తుంది. మిగతా వెలుగు లోపలికి పోతుంది కాబట్టి అడుగునున్న రాళ్లు, బురద కనిపిస్తాయి. చూపు నీటికి సమాంతరంగా వాలేకొద్దీ ఆ శాతం పెరుగుతుంది.

నిశ్చలమైన నీటికి లెక్క ఇలా ఉంటుంది. కెమెరా నీటి మట్టానికి ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉందనుకోండి. మూడు మీటర్ల దూరంలోని నీరు సుమారు 8 శాతం వెలుగునే తిప్పి పంపుతుంది. పది మీటర్ల దూరంలో 40 శాతం, ముప్ఫై మీటర్ల దూరంలో 70 శాతం పైన. ఇప్పుడు ట్రైపాడ్ కాళ్లు ముడిచి కెమెరాను 30 సెంటీమీటర్ల ఎత్తుకు దించండి. మూడు మీటర్ల దూరంలోని అదే నీరు సగానికి పైగా వెలుగును తిప్పి పంపుతుంది. రూపాయి ఖర్చు లేకుండా మోకాళ్లు వంచి సంపాదించుకున్న వెలుగిది.

వానాకాలపు గోదావరి ఎర్రనీళ్లలోనూ ప్రతిబింబం రావడానికి కారణం ఇదే. తగినంత కిందికి వంగి దూరపు నీళ్లను చూస్తే బురద రంగు తగ్గి ఆకాశం రంగు పైకొస్తుంది.

ఎత్తుతో మరో తేడా కూడా ఉంది. ప్రతిబింబం అంటే పై దృశ్యాన్ని తలకిందులు చేసి అతికించడం కాదు. కెమెరా నీటికి ఎంత ఎత్తున ఉందో అంత లోతు నుంచి పైకి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అందుకే గట్టు పైనుంచి చూసినప్పుడు కనిపించిన గోపురం నీళ్లలో ముందున్న చెట్ల చాటుకు పోతుంది. పైదీ కిందదీ సరిసమానంగా రావాలంటే నీటి మట్టానికి దగ్గరగా దిగడమొక్కటే దారి.

పోలరైజర్ ఫిల్టర్ లెన్స్‌కు ఉంటే తీసేయండి. నీటి మట్టం నుంచి 37 డిగ్రీల కోణంలో చూసేటప్పుడు అది ప్రతిబింబాన్ని దాదాపు పూర్తిగా చెరిపేయగలదు. పైగా ఒకటిన్నర స్టాప్ వెలుగును మింగేస్తుంది. పగటిపూట మనకు సాయపడే సామానే సంధ్యవేళ అడ్డం వస్తుంది.

గాలి, నీరు, కాలం

పొద్దు గూకాక నేల చల్లబడటంతో గాలి చాలాసార్లు నెమ్మదిస్తుంది. కోస్తాలో మధ్యాహ్నం నుంచి వీచిన సముద్రపు గాలి సద్దుమణిగి, రాత్రి నేలగాలి మొదలయ్యేలోపు ఒక విరామం దొరుకుతుంది. ఆ విరామం మన సంధ్యతో కలిసొచ్చిన రోజు కోనసీమ కాలువల్లో కొబ్బరిచెట్లు ఆకు ఆకూ లెక్కపెట్టేంత స్పష్టంగా దిగుతాయి. పెద్ద జలాశయం కన్నా చుట్టూ చెట్లున్న ఊరి కుంటే ముందు నిలకడకొస్తుంది. గాలి తగ్గని రోజున గట్టుకు ఏ పక్క గాలి చాటు ఉందో చూసుకుని అక్కడికి మారండి.

నీరు కదులుతున్నా ఫోటో ఉంటుంది, అయితే దాని రూపం వేరు. చిన్న అలలున్నప్పుడు ప్రతి అల వాలూ ఒక చిన్న అద్దం ముక్క. దూరాన ఉన్న దీపం వాటన్నింటిలోనూ తునకలై, మీ వైపు సాగిన నిలువు చారగా కనిపిస్తుంది. పది సెకన్ల షట్టర్ పెడితే ఆ తునకలన్నీ కలిసి నునుపైన పట్టు చారలవుతాయి. భవనాల ఆకారం కావాలంటే నిశ్చలమైన నీరు వెతకాలి. రంగుల చారలు కావాలంటే అలలే మేలు.

మన దగ్గర అక్టోబరు నుంచి జనవరి వరకు మంచి కాలం. చెరువులు నిండి ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది. వేసవిలో నీరు వెనక్కి పోయి మధ్యలో బురద మిగులుతుంది. ఏ కాలంలోనైనా ముందురోజు వెళ్లి చూసిరావాల్సింది ఒకటుంది. గుర్రపుడెక్క ఏ మూలకు కొట్టుకొచ్చిందో చూడాలి. నిన్న అద్దంలా ఉన్న చోటు ఈరోజు పచ్చటి చాపలా ఉండొచ్చు.

ఎత్తయిన పలుచని మబ్బులుంటే ఆశ వదులుకోకండి. నేల మీద చీకటి పడ్డాక కూడా పై మబ్బులకు కింది నుంచి ఎండ తగులుతూనే ఉంటుంది. అస్తమించిన పది, పదిహేను నిమిషాలకు అవి ఒక్కసారిగా ఎర్రబడటం చాలాసార్లు చూస్తాం. సంచి సర్దేసినవాళ్లు కోల్పోయేది దీన్నే.

సెట్టింగులు

ట్రైపాడ్ తప్పనిసరి. లేకపోతే పిట్టగోడ, బియ్యం పోసి కుట్టిన చిన్న సంచి. వంతెన మీద ట్రైపాడ్ పెడితే బస్సు వెళ్లిన ప్రతిసారీ వణుకుతుంది. ఒడ్డున గట్టి నేల చూసుకోండి.

అపర్చర్ ఎఫ్8 దగ్గర మొదలుపెట్టండి. దీపాలకు కిరణాలు కావాలంటే ఎఫ్11 నుంచి ఎఫ్16. లెన్స్ బ్లేడ్ల సంఖ్య సరి అయితే అన్నే కిరణాలు, బేసి అయితే రెట్టింపు వస్తాయి.

ఐఎస్‌ఓ 100. నీరు, భవనాలు కదలవు కాబట్టి షట్టర్‌నే పెంచుకుంటూ పోవచ్చు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆపేయండి. వేలి కదలిక తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టండి.

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే ఆప్షన్ కూడా ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే పది సెకన్ల ఫోటో తీశాక కెమెరా మరో పది సెకన్లు తన పని తాను చేసుకుంటుంది. మనకున్న ఇరవై నిమిషాల్లో సగం అలా ఎదురుచూడటానికే పోతుంది.

వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో ఉంచకండి. ఆకాశం నీలం పెరిగేకొద్దీ కెమెరా దాన్ని సరిదిద్దాలని చూసి, మనం కోరి వచ్చిన రంగునే చెడగొడుతుంది. 4,000 కెల్విన్ దగ్గర ఆపి రా ఫైల్‌గా తీయండి. ఒకే గట్టు మీద పాత సోడియం దీపాలు, కొత్త ఎల్‌ఈడీలు కలిసి ఉంటే ఒకటి నారింజ, ఇంకొకటి తెలుపు. రెండింటినీ సమం చేయాలని పట్టుపట్టొద్దు, ఆ తేడా నీళ్లలో బాగుంటుంది.

ఫోకస్ దగ్గర చాలామంది తడబడతారు. నీటి ఉపరితలం మీద ఫోకస్ చేస్తే ప్రతిబింబం మసకబారుతుంది. ప్రతిబింబం నీటి మీద అతికించిన బొమ్మ కాదు. అవతలి భవనం ఎంత దూరాన ఉందో ఇంచుమించు అంత దూరానే కెమెరాకు అదీ ఉంటుంది. కాబట్టి భవనం మీదే ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చేయండి. ఇది వెలుగుండగానే చేయాల్సిన పని. చీకట్లో ఆటోఫోకస్ వెతుకులాడుతూ ఉండిపోతుంది.

నిమిషాల లెక్క

గోడ మీది తెలుగు క్యాలెండర్‌లోనో, పంచాంగంలోనో మీ ఊరి సూర్యాస్తమయ సమయం చూసి రాసుకోండి. అక్కడి నుంచి లెక్క ఇలా వేసుకోండి. అపర్చర్ ఎఫ్8, ఐఎస్‌ఓ 100 అనుకుంటే ఇవి మొదలుపెట్టే అంకెలు మాత్రమే. తెర మీద చూసి సరిదిద్దుకోవాలి.

1. అస్తమయానికి 45 నిమిషాల ముందు: స్థలానికి చేరండి. కెమెరా లేకుండా నడిచి చూడండి. వంగి చూడండి. ఎక్కడెక్కడ దీపాలు వెలుగుతాయో అక్కడి టీ కొట్టు మనిషినో, చేపలు పట్టేవాళ్లనో అడగండి.

2. 15 నిమిషాల ముందు: ట్రైపాడ్ నాటి, ఫ్రేము సరిచూసి, ఫోకస్ స్థిరపరచండి. ఇక చోటు మారొద్దు.

3. అస్తమించిన 10వ నిమిషం: షట్టర్ పావు సెకను. పడమటి వైపు ఫోటోలు ఇప్పుడు.

4. 16వ నిమిషం: ఒక సెకను. దీపాల ప్రతిబింబాలు తేలడం మొదలవుతుంది.

5. 22వ నిమిషం: నాలుగు సెకన్లు. ఆకాశం, దీపాలు సమానమయ్యే సమయం ఈ చుట్టుపక్కలే. ఐదారు ఫోటోలు తీయండి. పడవ, పక్షి, గాలి ఏదో ఒకటి ఒక్కోదానిలో తేడా తెస్తాయి.

6. 28వ నిమిషం దాటాక: ఎనిమిది నుంచి పదిహేను సెకన్లు. ఇక్కడి నుంచి దీపాలదే పెత్తనం. ఆకాశం నల్లబడ్డాక షట్టర్ ఎంత పెంచినా నీలం రాదు, దీపాలు తెల్లగా కాలిపోవడమే మిగులుతుంది.

చీకట్లో కెమెరా తెర అసలు కన్నా ప్రకాశవంతంగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి తీస్తే ఇంటికొచ్చాక ఫోటోలన్నీ నల్లగా ఉంటాయి. తెర వెలుగు తగ్గించుకోండి, హిస్టోగ్రామ్ చూసి నిర్ణయించండి. దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరులో ప్రారంభమైన తీగల వంతెన లాంటి చోట్ల లైట్ల రంగులు మారుతూ ఉంటాయి. అక్కడ పదిహేను సెకన్లు పెడితే రంగులన్నీ కలిసిపోయి వెలవెలబోతాయి. రంగు నిలిచే సమయాన్ని ముందు గమనించి, దానికన్నా తక్కువ షట్టర్ పెట్టాలి. అవసరమైతే ఐఎస్‌ఓ 400కు పెంచండి.

ఫ్రేము

క్షితిజరేఖను మధ్యలో పెట్టకూడదన్న నియమాన్ని నిశ్చలమైన నీటి దగ్గర పక్కన పెట్టొచ్చు. పైనా కిందా సరిసమానంగా ఉన్నప్పుడు మధ్యగీతే బలం. నీరు కదులుతున్నప్పుడు మాత్రం ఆకాశమో నీరో ఏది గొప్పగా ఉందో దానికి మూడింట రెండు వంతులివ్వండి.

ప్రతిబింబం కొసను కోయకండి. విగ్రహం తల పైనుంది కదా అని కింద నీళ్లలోని తలను వదిలేస్తే చూసేవాళ్లకు ఏదో తెగిపోయినట్టు అనిపిస్తుంది. కెమెరాను నిలువుగా తిప్పితే చోటు దొరుకుతుంది.

ఒరుగు సరిచూసుకోవడానికి ఫ్రేము మధ్యలో ఒక దీపాన్ని ఎంచుకోండి. దీపం, దాని ప్రతిబింబం ఒకే నిలువు గీత మీద ఉండాలి. అవతలి గట్టు వంపు తిరిగి ఉండి కంటిని మోసం చేసినా ఈ గీత మోసం చేయదు.

దీపాలు నీళ్ల మీదే ఉన్నప్పుడు

కార్తీక మాసంలో గోదావరి, కృష్ణ ఘాట్లలో దొప్పల్లో దీపాలు వదులుతారు. ఇక్కడ పైన చెప్పిన లెక్కలన్నీ తిరగబడతాయి. దీపం కదులుతుంది, జ్వాల ఊగుతుంది. నాలుగు సెకన్లు పెడితే అది గీత అయిపోతుంది. ఐఎస్‌ఓ 1600 లేదా 3200, అపర్చర్ వీలైనంత పెద్దది, షట్టర్ సెకనులో అరవయ్యో వంతు దగ్గర మొదలుపెట్టండి. ఫ్లాష్ వద్దు. దీపపు వెలుగులో వెలిగే ముఖాన్ని ఫ్లాష్ చదును చేసేస్తుంది, పూజలో ఉన్నవాళ్లకు ఇబ్బంది కూడా. ఒకరి ముఖం స్పష్టంగా తీయాలనుకుంటే ముందు అడగండి.

ముక్కోటి ఏకాదశికి ముందురోజు భద్రాచలంలో, విజయదశమి నాడు బెజవాడలో హంసవాహనం మీద జరిగే తెప్పోత్సవాలకూ ఇదే పద్ధతి. తెప్ప మొత్తం వెలుగుతుంటుంది, కెమెరా మాత్రం దాని చుట్టూ ఉన్న చీకటిని చూసి ఎక్కువ వెలుగు లాక్కుంటుంది. ఒకటి రెండు స్టాపులు తగ్గించి తీయండి.

నిండు చంద్రుణ్ణి నీళ్లలో పట్టాలనుకునేవాళ్లు పున్నమి కోసం ఆగకండి. పున్నమి చంద్రుడు దాదాపు సూర్యాస్తమయం వేళకే ఉదయిస్తాడు. కాస్త పైకి ఎక్కేసరికి ఆకాశం నల్లబడి, చంద్రుడు తెల్లటి చుక్కలా మిగులుతాడు. ముందురోజు, చతుర్దశి నాడు, చంద్రోదయం సగటున 50 నిమిషాలు ముందుంటుంది. సంధ్య నీలం ఇంకా ఉండగానే చంద్రుడు చెట్ల పైకి వచ్చేస్తాడు.

ఫోన్‌తోనే తీసేవాళ్లకు

ఖరీదైన కెమెరా లేదని ఆగాల్సిన పని లేదు. ఫోన్‌ను తలకిందులుగా తిప్పితే లెన్స్ కిందికి వచ్చి నీటికి అంగుళం దూరంలోకి చేరుతుంది. వాన వెలిశాక రోడ్డు మీద నిలిచిన చిన్న గుంటలోనూ వీధి మొత్తం కనిపించేది అప్పుడే. నైట్ మోడ్ పెట్టి, ఫోన్‌ను రాయికో సీసాకో ఆనించి, టైమర్‌తో తీయండి. తెర మీద దీపాన్ని తాకి వెలుగు గీతను కాస్త కిందికి లాగండి. ఫోన్లు రాత్రిని పగలు చేయాలని చూస్తాయి, మనకు రాత్రి రాత్రిలా కావాలి. డిజిటల్ జూమ్ వద్దు, నాలుగడుగులు నడవండి.

ఇంటికొచ్చాక

కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఒక హద్దు పెట్టుకోండి. అసలు దీపం కన్నా నీళ్లలోని దీపం ఎక్కువ వెలగకూడదు. నీరు ఎప్పుడూ కొంత వెలుగును మింగుతుంది. కింది సగాన్ని పైదాని కన్నా ప్రకాశవంతం చేస్తే కారణం తెలియకపోయినా చూసేవాళ్లకు అబద్ధంలా అనిపిస్తుంది. నీలం, నారింజ రంగులు సంధ్యే ఇచ్చింది, వాటిని ఇంకా పెంచాల్సిన అవసరం అరుదు.

ఒంటి జాగ్రత్త

ఘాట్ మెట్ల మీద నీటి అంచున పాచి ఉంటుంది. తడిసిన మెట్టు మీద ట్రైపాడ్ నిలబడుతుందేమో గాని మనిషి నిలబడలేడు. తల దీపం, జారని చెప్పులు, దోమల మందు సంచిలో ఉండాలి. డ్యాము, బ్యారేజీ దిగువన నీళ్లలోకి దిగొద్దు. నీరు వదిలే సైరన్ వినిపిస్తే సామాను వదిలేసైనా పైకి రండి. ఆనకట్టల దగ్గర, రైల్వే వంతెనల దగ్గర కాపలా సిబ్బంది వద్దంటే వాదన పెట్టుకోకండి. ఏసీ కారులోంచి కెమెరాను ఒక్కసారిగా గోదారి గట్టు ఉక్కలోకి తీస్తే లెన్స్ మీద ఆవిరి కమ్ముతుంది. పావుగంట ముందే సంచిలో ఉంచి బయట పెట్టండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఈ నెలలో చేయాల్సిన అభ్యాసం

మీ ఊరికి దగ్గర్లో ఒకే ఒక్క నీటి చోటు ఎంచుకోండి. ఊరి చెరువు, కాలువ, వంతెన కింది మడుగు, ఏదైనా సరే. వారానికొక సాయంత్రం చొప్పున నెల రోజులు అక్కడికే వెళ్లండి. మొదటి వారం కెమెరా తీయకుండా దీపాలు ఏ నిమిషంలో వెలుగుతున్నాయో, గాలి ఎప్పుడు ఆగుతోందో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. రెండో వారం పడమటికి, మూడో వారం తూర్పుకు తిరిగి తీయండి. నాలుగో వారం మీ పుస్తకంలోని అంకెలతోనే, మీటర్ చూడకుండా, మూడు నిమిషాలకో స్టాప్ లెక్కన తీయండి.

నెల తిరిగేసరికి ఆ చోటు మీద మీ దగ్గర ఉన్న సమాచారం ఏ పుస్తకంలోనూ దొరకదు. కెమెరా మార్చాలా, కొత్త లెన్స్ కొనాలా అన్న ప్రశ్న అప్పుడు వేసుకోండి. ఈలోగా రేపటి సూర్యాస్తమయం ఎన్నింటికో చూసి, దానికి ముప్పావు గంట ముందుకు అలారం పెట్టుకోండి.